దొంగ కిక్కిస

ఆ యేడు ఎండాకాలంలో చిత్తడి ఎన్నడూ లేనంతగా వెనక్కి పోయింది. మా ఇంటి వెనక గట్టెక్కి చూస్తే, నీళ్లు తళతళలాడాల్సిన చోట బురద ఆరి పెంకుల్లా పగిలి కనిపించేది. నీటికోళ్లు ఎటు పోయాయో పోయాయి. ఉత్తరపు పాయలో మాత్రం పచ్చదనం తగ్గలేదు. అక్కడ కిక్కిస మనిషికి రెండింతల ఎత్తున, గోడ కట్టినట్టు నిలబడి ఉంది.

కిక్కిస అంటే మా ఒడ్డున పుట్టిన ప్రతివాళ్లకీ తెలిసిన నీటి గడ్డి. సన్నటి వెదురులాంటి కాడ, చురకత్తిలాంటి ఆకు, చివర బూడిదరంగు కుచ్చు. కొంగలు అందులోనే గూళ్లు పెట్టుకుంటాయి. పడవ వస్తే ఇంటిమనిషి తలుపు తీసినట్టు పక్కకు తొలగి దారిస్తుంది. అయితే అచ్చం దానిలాగే కనిపించే పరాయి జాతి ఒకటి ఎక్కడినుంచో వచ్చి ఊళ్లకు ఊళ్ల చిత్తళ్లను మింగేస్తోందని, అది మా పాయలోకీ చేరిందేమోనని ఆఫీసులో అనుమానం పుట్టింది. జనం దానికి అప్పటికే పేరు కూడా పెట్టేశారు, దొంగ కిక్కిస అని. పాయలో ఉన్నది మనదా దొంగదా తేల్చే పని నా మీద పడింది. చిత్తడి నేలల్ని చూసుకునే ఆఫీసులో నాది మొక్కల్ని గుర్తుపట్టే ఉద్యోగం.

ఆ పని అప్పగిస్తూ మా ఆఫీసరుగారు కళ్లజోడు తీసి, అవసరం లేకపోయినా చాలాసేపు తుడుచుకున్నారు. నాకు ఇబ్బందిగా ఉంటే పక్క ఆఫీసునుంచి ఇంకెవరినైనా పిలిపిస్తానన్నారు. వద్దు, నేనే చూస్తానన్నాను. ఆయన ఎందుకలా అడిగారో మా ఇద్దరికీ తెలుసు. మా తమ్ముడు పడవతో సహా కనిపించకుండా పోయింది ఈ నీళ్లమీదే.

వాణ్ణి చిన్నప్పటినుంచీ అందరూ బుడబుంగ అనేవాళ్లు. బుడబుంగ అంటే ఇక్కడ బుడుంగున మునిగి ఇంకెక్కడో తేలే చిన్న నీటిపిట్ట. నడక రాకముందే వాడికి ఈత వచ్చిందని అమ్మ గొప్పగా చెప్పుకునేది. పెద్దయ్యాక నీళ్లలో చేపలబుట్టలు పెట్టి బతికాడు. ఈ నీళ్లలో గడ్డి తప్ప చేప మిగల్లేదని, పడవ వదిలేసి ఓడరేవులో పనికి పోతానని కొన్నాళ్లుగా అంటున్నాడు. అంతకుముందు వానాకాలంలో ఒక ఉదయం అదే మాట మళ్లీ ఎత్తితే అమ్మ పట్టలేకపోయింది. ఎక్కడికి పోతావో పో, మళ్లీ ఈ గుమ్మం తొక్కకు అనేసింది. వాడు నవ్వాడు. నవ్వి, చెప్పులేసుకుని, పడవ తీసుకుని పోయాడు. ఆ మధ్యాహ్నం మొదలైన గాలివాన కొన్ని రోజులదాకా వదల్లేదు. తెరిపిచ్చాక ఊరివాళ్లు పడవలేసుకుని నీళ్లన్నీ వెతికారు. ఉత్తరపు పాయ దగ్గరికి కూడా వెళ్లి, ఆ దట్టంలోకి పిట్ట కూడా దూరదు, పడవేం పోతుందని వెనక్కి వచ్చేశారు.

అప్పటినుంచి ఇంట్లో ముగ్గురం ఆడవాళ్లం మిగిలాం. అమ్మ, నేను, మా మరదలు. వాడు ఓడరేవుకే పోయాడని అమ్మ నమ్మకం. మునిగినవాడైతే పడవన్నా తేలాలి కదా అనేది. కోపం తగ్గాక వస్తాడు, కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం, తప్పు నాదే అనేది. ఆ మాటకు ఎదురు చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు. ఎవరైనా జాలిగా చూస్తే మాత్రం అమ్మకు నచ్చేది కాదు. "బుడబుంగ మునిగినచోటే తేలుతుందా ఎక్కడైనా?" అని వాళ్లనే ఎదురడిగేది.

పాయ సంగతి ఇంట్లో చెప్పిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. మరదలు ఆస్పత్రి లాండ్రీలో పని చేసేది. చిరిగిన దుప్పట్లు ఇంటికి తెస్తే అమ్మ అంచులు కుట్టి ఇచ్చేది. ఆ రోజు కూడా వసారాలో దుప్పటి ఒళ్లో పరుచుకుని కుడుతూ, ఆ రెండు గడ్డీ ఒకటేలా ఉంటే నీకెలా తెలుస్తుందే అని అడిగింది. అమ్మ నా ఉద్యోగం గురించి ఏదైనా అడగడమే అరుదు. సంబరపడి అంతా విడమరిచి చెప్పాను. ఆకు మొదలు కాడను చుట్టుకుని ఉంటుంది, దాన్ని ఒర అంటాం. మన కిక్కిస ఎండలు ముదిరేసరికి నిరుటి కాడల మీది ఒరలన్నీ రాల్చేస్తుంది. లోపలి కాడ నున్నగా, కాస్త ఎర్రగా మెరుస్తుంది. దొంగ కిక్కిస అలా కాదు. కాడ చచ్చినా ఒర వదలదు. అందుకే ఎండలు బాగా ముదిరేదాకా ఆగితేగాని గట్టిగా చెప్పలేం.

"చచ్చినా వదలనిదాన్ని పట్టుకుని దొంగంటారేమే?" అంది అమ్మ. మరదలు నవ్వింది. నేనూ నవ్వాను.

దొంగదని తేలితే ఏం చేస్తారని అమ్మ మళ్లీ అడిగింది. మిషను తెచ్చి పాయ మొత్తం కోసి, వేళ్లతో సహా పెకిలిస్తారని చెప్పాను. మనదైతే పిట్టల గూళ్లున్నాయి కాబట్టి ఎవరూ ముట్టుకోరు. అమ్మ చేతిలో సూది ఆగింది. దారం తెంపి, దుప్పటి మడిచి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున నేను ఆఫీసుకు తయారవుతుంటే అమ్మ వచ్చి గడప దగ్గర నిలబడింది. అది మన కిక్కిసేనని చెప్పెయ్యమంది. అది నా చేతిలో ఉన్న పని కాదు, ఏది ఉంటే అదే చెప్పాలన్నాను. నీ చేతిలో లేకపోతే ఇంకెవరి చేతిలో ఉందంది. పాయలో మాత్రం ఏముంటుందమ్మా అని ఏమీ తెలియనట్టు అడిగాను. అమ్మ నా కళ్లలోకి చూడకుండా, గోడకు చెప్పినట్టు చెప్పింది.

"వెతికితే దొరుకుతాడే. వెతక్కపోతే ఎక్కడో ఉంటాడు."

అప్పటిదాకా ఆమె వాడు ఓడరేవులో ఉన్నాడని నిజంగానే నమ్ముతోందనుకున్నాను. పాపం, మాకోసం నమ్ముతోందో, తనకోసం నమ్ముతోందో, ఆ నమ్మకం కింద నేల ఎంత పలచన అయిపోయిందో ఆ క్షణందాకా నాకు తెలియలేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకు మరదల్ని తీసుకురావడానికి లాండ్రీకి వెళ్లాను. ఇస్త్రీ మిషన్ల ఆవిరిలో మనుషుల మొహాలు కూడా సరిగ్గా కనిపించవు. ఆమె తెల్లదుప్పటి ఒక కొస నా చేతికిచ్చి మడత పెట్టమంది. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి మడతలు పెడుతుంటే, వేరే ఊళ్లో ఉన్న వాళ్లక్క తనను రమ్మని పిలుస్తోందని, అక్కడి ఆస్పత్రిలో పని కూడా మాట్లాడి పెట్టిందని చెప్పింది. వెళ్లాలనుందా అని అడిగాను. వెళ్తే ఆయన్ని వదిలేసినట్టు, ఉంటే ఆయన వదిలేసినట్టు ఉందంది.

"ఇక్కడ ఎవరన్నా మీ ఆయనేం చేస్తాడంటే రోజుకో మాట చెబుతున్నా వదినా. మొన్న ఓడలో వంట అన్నా. నిన్న గోదాములో కాపలా అన్నా. అబద్ధాలయినా గుర్తుపెట్టుకోవాలిగా." అలా అని కాస్త నవ్వి, దుప్పటి నా చేతుల్లోంచి తీసుకుంది. "మీ తమ్ముడు బతికుంటే తిట్టుకుంటాను. లేకపోతే ఏడుస్తాను. ఏదో ఒకటి చెయ్యనివ్వండి నన్ను."

అమ్మ పాయ గురించి ఏం కోరిందో ఆమెకు చెప్పలేదు. ఆమె ఏం కోరిందో అమ్మకూ చెప్పలేదు. కక్కలేక మింగలేక ఎండలు ముదిరేదాకా గడిపాను. ఆ రోజుల్లో అమ్మ మధ్యాహ్నాలు ఇంట్లో ఉండటం మానేసింది. కుట్టిన దుప్పట్లు ఇచ్చి రావడానికి వెళ్లానని చెప్పేది. నేనూ తరచి అడగలేదు.

ఎండలు నిప్పులు చెరుగుతున్న రోజుల్లో ఒక ఉదయం పాయ దగ్గరికి వెళ్లాను. గట్టు దిగితే ఎండిన బురద కొంతదూరం మనిషిని మోస్తుంది. ఆ తర్వాత మా ఆఫీసువాళ్లు పరిచిన బల్లచెక్కల మీద నడవాలి. గడ్డి అంచుకు చేరాను. ఎదురుగా ఉన్న నిరుటి కాడలన్నీ నున్నగా ఉన్నాయి. ఒక్కదానికీ ఒర లేదు. మనదే, మన కిక్కిసే అనుకున్నాను. ఆ బల్లచెక్కమీదే చతికిలబడి, చేతుల్లో మొహం పెట్టుకుని, ఏడ్చానో నవ్వానో ఇప్పటికీ చెప్పలేను. అమ్మకు వెంటనే చెప్పాలని, మరదలికి ఏం చెప్పాలోనని రెండూ ఒకేసారి తోచాయి.

కాసేపటికి లేచి ఒక కాడను చేత్తో పట్టుకున్నాను. ఎరుపు లేదు. పాలిపోయిన గడ్డిరంగు, వేలికి తగిలే సన్నటి గీతలు. తల ఎత్తి పైకి చూశాను. నా తలకు కాస్త పైనుంచి ప్రతి కాడకూ ఒరలు అలాగే అంటిపెట్టుకుని ఉన్నాయి. ఆ కాడకూ, పక్కదానికీ, ఆ వరసంతటికీ ఒక ఎత్తుదాకా మాత్రమే ఒలిచి ఉంది. కిందకు చూస్తే, ఒలిచిన ఒరలు బురదలోకి తొక్కేసి ఉన్నాయి. బల్లచెక్కల పొడుగునా, చేయి చాపితే అందినంత మేరా ఒలిచేసి ఉన్నాయి. కొన్నిచోట్ల కాడలమీద ఎండిన రక్తపు మరకలున్నాయి.

ఒరలు పీకడం తేలిక పని కాదు. ఆ ఆకులంచులు గ్లౌజుల్ని కూడా కోసేస్తాయి. ఎన్ని మధ్యాహ్నాలు ఆ ఎండలో నిలబడి ఉంటుందో.

లోపల ఎలా ఉందో చూద్దామని భుజం పెట్టి నెట్టాను. గడ్డి ఒక్క అంగుళం కూడా కదల్లేదు. అక్కడ నిలబడే నాకు మిగతాది కూడా అర్థమైంది. మా తమ్ముడు చిన్నప్పటినుంచీ గాలివాన వస్తే ఆ పాయ గుండానే అడ్డదారిన ఇంటికి వచ్చేవాడు. మన కిక్కిస వాడికి దారిచ్చేది. పాయలో గడ్డి మారిపోయిందని వాడికి తెలియదు. మాకెవరికీ తెలియదు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ వసారాలో కూర్చుని ఉంది. చేతులు చీరకొంగులో దాచుకుంది. నేను లోపలికి వెళ్లి మందుసీసా, దూది తెచ్చి, ఆమె పక్కన కూర్చుని ఒక చేయి బయటికి తీశాను. వేళ్లన్నీ గీతలు. కొన్ని మానుతున్నాయి, కొన్ని ముందురోజువి. మందు రాస్తుంటే మంటకు చేయి లాక్కోలేదు.

"మన కిక్కిసేగా?" అంది.

"కాదమ్మా."

"సరిగ్గా చూశావా?"

చూశానన్నాను. అమ్మ రెండో చేయి తనే బయటికి తీసి నా ఒళ్లో పెట్టింది.

"పైదాకా అందలేదు" అంది.

ఆ మధ్యాహ్నమే ఆఫీసుకు వెళ్లి, అది దొంగ కిక్కిసేనని చెప్పాను. ఇంట్లో అమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది. మరదలు ఆ సాయంత్రం సంగతి విని, వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలనే మళ్లీ కడిగింది.

మిషను వచ్చింది. దాన్ని నడిపేది నడివయసు డ్రైవరు, వదరుబోతు. పొద్దున్నుంచి సాయంత్రందాకా గడ్డిని మనిషిని తిట్టినట్టు తిడుతూ కోసేవాడు. తన మాట పెళ్లాం కూడా వినదు గాని ఈ మిషను వింటుందని మమ్మల్ని నవ్వించాలని చూసేవాడు. ఒకరోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి ఇంజన్ ఆపేశాడు. కిందికి దిగి, నా దగ్గరికి వచ్చి, మొట్టమొదటిసారి మెల్లగా మాట్లాడాడు. "మీరు ఇక్కడే ఉండండమ్మా" అన్నాడు. నేను ఉండలేదు.

పడవ గడ్డి నడుమ ఇరుక్కుని ఉంది. కింద మొలిచిన కాడలు అడుగుచెక్కల సందుల్లోంచి పైకి వచ్చాయి. పడవ తాడు ఒక మోపు కాడలకు చుట్టి ముడివేసి ఉంది. అది వాడి ముడే. పడవ కొట్టుకుపోకూడదని కట్టుకున్నాడు. అంటే మళ్లీ వచ్చి తీసుకుపోదామనుకున్నాడు.

డ్రైవరు అక్కడే నిలబడిపోయాడు. అతనికి పడవ ఒక్కటే కనిపించింది. నా చదువు గడ్డిని చదవడం. పడవ ముందునుంచి మనిషి పట్టేంత వెడల్పున ఒక వరసలో కాడలు మిగతావాటికంటే సన్నగా, లేతగా ఉన్నాయి. వాటి మొదళ్లలో పాత మోళ్లు కనిపించాయి. కత్తితో ఏటవాలుగా కోసిన మోళ్లు. మొదట్లో నేలకు దగ్గరగా, శుభ్రంగా కోసి ఉన్నాయి. పోనుపోను ఎత్తు పెరిగాయి. తర్వాత మోకాలెత్తున, ఆ తర్వాత నడుమెత్తున. వంగే ఓపిక తగ్గిపోయిన మనిషి కోసినవి. చివరివి కోసినవి కూడా కావు, చేతులతో విరిచినవి. ఒక మనిషి దారి వేసుకుంటూ వెళ్తే, అతని వెనకే గడ్డి మళ్లీ మొలిచి ఆ దారిని పూడ్చేసింది. ఆ మోళ్ల వెంటే నడిచాను. ఆ దారి ఆగినచోట, బురదలో, వాడు ఉన్నాడు. అక్కడినుంచి ఇంకొన్ని బారలు దాటితే గడ్డి అంచు. అంచు దాటితే గట్టు. మడమలెత్తి నిలబడితే కాడల సందుల్లోంచి మా ఇంటి కప్పు కనిపించింది.

డ్రైవరు కూడా ఆ మోళ్ల వెంటే వచ్చి, నా మోచేయి పట్టుకుని ఒడ్డుకు తీసుకొచ్చాడు. అతను కళ్లు తుడుచుకుంటున్నాడు. నాకు ఏడుపు రాలేదు.

ఆస్పత్రివాళ్లు వచ్చి చేయాల్సింది చేశారు. మేం వాణ్ణి సాగనంపాం. మరదలు ఆ రోజు గుండెలు పగిలేలా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి నిద్రపోయి, లేచి మళ్లీ ఏడ్చింది. అమ్మ మాత్రం ఏడవలేదు. వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చింది, కుర్చీలు వేసింది, వెళ్లేవాళ్లను గుమ్మందాకా సాగనంపింది. ఓడరేవు మాట మళ్లీ ఎత్తలేదు. పడవ దొరికింది, అక్కడే ఉన్నాడు అని మాత్రమే నేను వాళ్లిద్దరికీ చెప్పాను. మోళ్ల సంగతి చెప్పలేదు. ఎవరికి మేలని చెప్పను?

పాయలో మిషను పని అయిపోయింది. గోడలా నిలబడ్డ గడ్డి పోయి, అక్కడ నల్లటి బురద మిగిలింది. దొంగ కిక్కిస వేరు ముక్క బెత్తెడు మిగిలినా మళ్లీ లేస్తుంది కాబట్టి నేను రోజూ వెళ్లి చిగుళ్లకోసం వెతికేదాన్ని. కనిపించినదాన్ని కనిపించినట్టు పీకేసేదాన్ని. ఒకరోజు చూస్తే పక్కన అమ్మ కూడా వంగి పీకుతోంది. ఏది పీకాలో, ఏది వదలాలో నేను చెప్పనక్కర్లేకపోయింది. నాకంటే చురుగ్గా గుర్తుపట్టింది.

ఆకాశంలో మొదటి మబ్బులు కమ్మినరోజు మరదలు పెట్టె సర్దుకుంది. మర్నాడు పొద్దున వాళ్లక్క ఊరికి బయల్దేరాలి. వెళ్లమని అమ్మే చెప్పింది. ఇక్కడ కూర్చుని ఎవరికోసం ఎదురు చూస్తావమ్మా, పో, నీ బతుకు నువ్వు చూసుకో అంది. పో అన్నాక ఒక్క క్షణం ఆగి, మళ్లీ రావాలి సుమా, సెలవులకు తప్పకుండా రావాలి అని రెండుసార్లు అంది. ఆమె భుజంమీద చేయి వేసి ఉంచింది.

సాయంత్రం ముగ్గురం వెనక గుమ్మం మెట్లమీద కూర్చున్నాం. ఉక్కగా ఉంది, ఆకు కదలడం లేదు. గట్టు అవతల పాయ వైపు ఖాళీగా ఉంది. అమ్మ అటే చూస్తూ అడిగింది.

"మిషను డ్రైవరు కనిపించాడు. మనవాడు లోపల తోవ కోసుకున్నాడంటగా. నువ్వు చూశావని చెప్పాడు."

నేను తలూపాను.

"ఎటు కోసుకున్నాడు?"

నిజం చెప్పకుండా ఉండే దారి ఒక్కటీ తోచలేదు. "ఇటే" అన్నాను.

"ఇటంటే?"

"మనింటి వైపే అమ్మా. నేరుగా."

మరదలు నా చేయి గట్టిగా పట్టుకుంది. ఇల్లు వదిలి పోయాడని ఇన్నాళ్లూ అనుకున్న కొడుకు ఇంటికే వస్తున్నాడన్నది అమ్మ లోపలికి ఇంకడానికి కొంతసేపు పట్టినట్టుంది. తర్వాత నెమ్మదిగా, లెక్క కుదిరినదాన్ని చెప్పినట్టు చెప్పింది.

"అయితే పిలిచే ఉంటాడు."

అమ్మ గట్టు వైపు చెయ్యి చూపింది.

"ఇంత దగ్గరకు వచ్చినవాడు పిలవకుండా ఉంటాడా? పిలిచే ఉంటాడు. నేనిక్కడే ఉన్నాను."

అప్పుడు మరదలు నా చేయి వదిలి, మెట్టు దిగి, అమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది.

"వినపడదత్తా" అంది. "గాలి ఎదురుగా కొట్టింది ఆ రోజుల్లో. మనవైపునుంచి అటు. ఎంత పిలిచినా ఇటు వినపడదు."

అమ్మ ఆమె మొహంలోకి చూసింది. చాలాసేపు చూసి, అవును, ఎదురుగాలి అంది.

ఆ గాలివాన రోజుల్లో గాలి అన్ని వైపులనుంచీ కొట్టింది. అది మా ముగ్గురికీ తెలుసు. అయినా ఆ మాటను ఎవరమూ కాదనలేదు.